పెట్ట నిన్నటి నుంచి ముక్కుతోంది, గుడ్డు మాత్రం రావట్లేదు

చెరువుగట్టు
మంగళవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య ఒక పల్లెటూరు. పెరట్లో తొమ్మిది కోళ్లున్నాయి. ఐదు నాటువి, నాలుగు గ్రామప్రియ అనే ఎక్కువ గుడ్లు పెట్టే రకం. గ్రామప్రియ పిల్లల్ని జూలై చివర్లో నెల పిల్లలుగా తెచ్చాం. వాటిలో ఒకటి నవంబరు మధ్య నుంచి గుడ్లు పెడుతోంది. అంత తొందరగా మొదలెట్టిందని మురిసిపోయాం కూడా.

నిన్న పొద్దున్నుంచి అది మేత ముట్టలేదు. మూల నిలబడి తోకను పైకీ కిందకీ ఆడిస్తూ ముక్కుతోంది. నిటారుగా నిలబడుతోంది, రెక్కలు వేలాడేసింది. ఎర్రగా ఉండే తురాయి పాలిపోయింది. పొదగడానికి కూర్చుంటుందేమో అనుకున్నాం గానీ గూట్లో కూర్చోవడం లేదు. గుడ్డు పెట్టి రెండు రోజులైంది. ఊళ్లో అడిగితే "కోడికి మందేంటండీ, వారం పోతే పండగ" అని నవ్వారు. మా అమ్మాయి బడికి వెళ్లనని ఏడుస్తోంది. ఏం చేయమంటారు?

పులుసుగిన్నె
మంగళవారం, ఉదయం 7:05

నాటుకోడి కాకపోయినా పులుసు బాగానే ఉంటుందండి. కష్టపడకండి.

లంక రైతు
మంగళవారం, ఉదయం 7:12

పై ఆయన్ని పట్టించుకోకమ్మా. ఇది గుడ్డు అడ్డం పడటం. మా నాన్నగారి రోజుల్లో వేలికి ఆముదం రాసి చూసేవారు. అప్పటికీ రాకపోతే సన్నటి పుల్లతో పొడిచి గుడ్డు పగలగొట్టేవారు. సొన కారిపోయి పెంకు బయటికి వచ్చేసేది. సగం కోళ్లు బతికేవి.

పశువుల డాక్టరు (రిటైర్డు)
మంగళవారం, ఉదయం 7:30

లంక రైతు గారూ, ఆ మిగతా సగం ఎందుకు చచ్చిపోయేవో చెప్తాను. లోపల పగిలిన పెంకు బ్లేడులా కోస్తుంది. ఆ కోత మీద చీము పడుతుంది. పుల్ల వద్దు. ఆస్పత్రిలో గత్యంతరం లేక చేసినా సూదితో లోపలి సొన లాగేసి, పెంకు మెల్లగా నలిగేలా చూస్తారు. అది ఇంట్లో చేసే పని కాదు.

అమ్మా, మూడు సంగతులు చెప్పండి. ఒకటి, రెట్ట వేస్తోందా లేదా? రెండు, మలద్వారానికి రెండు పక్కలా మొనదేలిన ఎముకలుంటాయి, వాటి మధ్య, కింద పొట్ట మీద చెయ్యి పెడితే గట్టిగా గుండ్రంగా తగులుతోందా, లేక నీళ్ల సంచిలా మెత్తగా ఉందా? మూడు, కాళ్ల మీద నిలబడగలుగుతోందా? గట్టిగా నొక్కకండి. పసిపిల్ల పొట్ట తడిమినట్టు తడమండి చాలు.

చెరువుగట్టు
మంగళవారం, ఉదయం 7:55

ఎముకల మధ్య నా వేళ్లు రెండు పట్టాయి. కిందగా గట్టిగా ఒక ఉండ తగులుతోంది, గుడ్డే అనిపిస్తోంది. రెట్ట నిన్నటి నుంచి లేదు, తెల్లగా నీరులా కొంచెం అంటుకుంది అంతే. నిలబడుతోంది గానీ కుడికాలు కొంచెం ఈడుస్తోందండి.

భీమవరం డేగపెట్ట
మంగళవారం, ఉదయం 8:02

కాలు ఈడుస్తోందంటే మారెక్స్ (కాళ్లు పడిపోయే అంటురోగం) కావచ్చు, మిగతా వాటి నుంచి విడదీయండి వదినా. ఇంకోటి, గేదెలకి పాలు దిగడానికి వేసే ఇంజెక్షన్ ఉంటుంది కదా, అది పావు సీసీ వేస్తే ఠక్కున గుడ్డు వచ్చేస్తుంది. మా వైపు చాలామంది వేస్తారు.

పశువుల డాక్టరు (రిటైర్డు)
మంగళవారం, ఉదయం 8:20

భీమవరం బాబూ, నీ కోళ్లంటే నాకు గౌరవమే గానీ ఆ సలహా మాత్రం వెనక్కి తీసుకో. అది ఆక్సిటోసిన్. గుడ్డుసంచి కండరాన్ని ఒక్కసారిగా బిగిస్తుంది. దారి తెరుచుకోకుండా, గుడ్డు మరీ పెద్దదై ఉంటే ఆ బిగింపుకి సంచే చిట్లుతుంది. డాక్టరు ముందు కాల్షియం ఎక్కించి, అడ్డేమీ లేదని చూసి, అప్పుడు వేయాల్సిన మందు అది. పాల కోసం దాన్ని గేదెలకి వాడటమే తప్పు.

కాలు సంగతి. గుడ్డు కటి దగ్గర ఇరుక్కుంటే పక్కనున్న నరాల్ని నొక్కుతుంది, అందుకే కాలు ఈడుస్తుంది. మారెక్స్ కాదని చూడకుండా నేను ప్రమాణం చేయలేను. కానీ గట్టి ఉండ తగులుతోంది, తోక ఆడిస్తోంది, రెట్ట ఆగింది. ఈ మూడూ కలిస్తే ముందు గుడ్డు సంగతే చూడాలి.

ఇలా చేయండి. బకెట్లో గోరువెచ్చని నీళ్లు, పసిబిడ్డకి పోసేంత వేడి, అంతకు మించొద్దు. పొట్ట మునిగేదాకా కూర్చోబెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టుకోండి. చల్లారితే వేణ్ణీళ్లు కలపండి. తల మీద తడి పడకూడదు. తర్వాత తుడిచి, చేతికి తొడుగు వేసుకుని, చిటికెన వేలితో మలద్వారం లోపలి అంచుకి కొబ్బరినూనె రాయండి. లోపలికి తవ్వొద్దు. పశువుల మందుల షాపులో కాల్షియం టానిక్ దొరుకుతుంది. ముక్కు పక్క నుంచి చుక్కచుక్కగా పట్టండి. ఒక్కసారి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత చీకటిగా, వెచ్చగా, చప్పుడు లేని చోట గంప కింద పెట్టేయండి. గంటకోసారి తీసి చూడటం మానండి. గంట తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు.

ఒక్క గడువు గుర్తుంచుకోండి. ఇరుక్కున్న గుడ్డు ఒకటి రెండు రోజులు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మీకు ఇప్పటికే ఒక రోజు అయిపోయింది. మధ్యాహ్నానికి రాకపోతే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం నంబరది. కోడికి రారని మీరే అనుకుని ఊరుకోకండి.

హైదరాబాద్ మేడమీద
మంగళవారం, ఉదయం 9:10

మాది రాజోలు, ఇప్పుడు హైదరాబాద్‌లో మేడ మీద ఆరు కోళ్లు. కాల్షియం పెంకుకి కావాలని తెలుసు గానీ గుడ్డు ఇరుక్కోవడానికీ దానికీ సంబంధం ఏంటి డాక్టర్ గారూ?

పశువుల డాక్టరు (రిటైర్డు)
మంగళవారం, ఉదయం 9:40

మంచి ప్రశ్న. అండాశయం నుంచి పచ్చసొన జారిన దగ్గర్నుంచి గుడ్డు బయటికి రావడానికి సుమారు ఒక రోజు, కచ్చితంగా చెప్పాలంటే 24 నుంచి 26 గంటలు. అందులో దాదాపు 20 గంటలు పెంకు తయారయ్యే చోటే ఉంటుంది. పెంకులో నూటికి 94, 95 వంతులు కాల్షియం కార్బొనేటే. ఒక్కో గుడ్డుకి రెండు గ్రాముల దాకా కాల్షియం పోతుంది. మేతలో చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. అదీ తరిగాక రక్తంలో పడిపోతుంది. గుడ్డుని ముందుకు తోసే కండరం బిగియాలన్నా కాల్షియమే కావాలి. అంటే పెంకు పల్చనవడమే కాదు, ఆ పల్చని గుడ్డుని తోసే బలం కూడా పోతుంది. అందుకే పెంకు గట్టిపడని తోలుగుడ్లు గట్టి గుడ్ల కంటే ఎక్కువగా ఇరుక్కుంటాయి. మెత్తటి సంచిని పిండితే అది పక్కకి నొక్కుకుపోతుంది గానీ ముందుకి జరగదు కదా.

చెరువుగట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1:25

వచ్చిందండి!!! మొదటిసారి నీళ్లలో పెట్టినప్పుడు రెక్కలు కొట్టి నా మొహమంతా తడిపేసింది. రెండు నిమిషాలకి మెత్తబడి కళ్లు మూసుకుంది, నిద్రపోయిందేమో అనుకున్నా. మా అత్తగారు చెంబుతో వేణ్ణీళ్లు అందిస్తూనే ఉన్నారు. నూనె రాసి, టానిక్ పట్టి, వసారాలో గంప కింద పెట్టి గోనెపట్టా కప్పాం. పన్నెండున్నరకి కీచుమని ఒక అరుపు. గంప ఎత్తితే గుడ్డు, పక్కనే అరచేతంత రెట్ట.

గుడ్డు చూసి నాకే నొప్పి అనిపించింది. నా పిడికిలంత ఉంది. పెంకు నున్నగా లేదు, గరుకు కాగితంలా ఉంది. మధ్యలో సున్నం చల్లినట్టు బొడిపెలు, సన్నటి వైపు నొక్కితే లొత్త పడుతోంది. పక్కన నెత్తుటి చార. పగలగొట్టి చూస్తే రెండు సొనలు.

కోడి ఇప్పుడు నూకల గంజి తాగుతోంది. మా అమ్మాయికి కబురు పంపాను.

ముమ్మిడివరం బాతులు
మంగళవారం, మధ్యాహ్నం 1:50

శుభం! కాల్షియానికి టానిక్ కొంటూ కూర్చోకండక్కా. మేం సముద్రపు ఒడ్డున దొరికే గుల్లలు ఉప్పు పోయేలా కడిగి, పెనం మీద వేయించి, రోట్లో బియ్యపు నూకంత పలుకులుగా దంచుతాం. మరీ పిండి చేయం. కొబ్బరిచిప్పలో పోసి గూటి పక్కన పెడితే గుడ్లు పెట్టే పెట్టలే వచ్చి తింటాయి, పుంజులు ముట్టవు. గుల్లలు దొరక్కపోతే గుడ్డు పెంకులే వేయించి నలిపి పెట్టండి.

లంక రైతు
మంగళవారం, మధ్యాహ్నం 2:15

కిళ్లీ సున్నం ఇంకా తేలిక కదమ్మా.

పశువుల డాక్టరు (రిటైర్డు)
మంగళవారం, మధ్యాహ్నం 3:00

సున్నం వేరు, గుల్ల వేరు. తడిసున్నం ముద్ద పెడితే నోరూ గొంతూ పొక్కుతాయి. బాతుల తమ్ముడు చెప్పిందే సరైన పద్ధతి. పలుకుగా ఉంటే రాత్రంతా కోడి కడుపులో మెల్లగా అరుగుతుంది, పెంకు ఎక్కువగా తయారయ్యేదీ రాత్రే. మేతలోనే కలిపేస్తే మాత్రం పుంజులకీ గుడ్లకి రాని పిల్లలకీ అవసరం లేని కాల్షియం వెళ్లి మూత్రపిండాలు చెడతాయి. విడిగా పెట్టడంలో కిటుకు అదే.

చెరువుగట్టు గారూ, కథ అయిపోయిందనుకోకండి. రెండు రోజులు విడిగానే ఉంచండి. మలద్వారం రోజూ చూడండి. అన్నట్టు మేత ఏం వేస్తున్నారు?

చెరువుగట్టు
మంగళవారం, రాత్రి 8:30

నూకలు, తవుడు, కొబ్బరి కోరు తీశాక మిగిలిన పిప్పి. ఇంటి వెనక రొయ్యల చెరువు మాది కాదు గానీ, కాపలా ఉండే అబ్బాయి మిగిలిన రొయ్యల మేత తెచ్చి ఇస్తాడు. ఎగబడి తింటాయి.

భీమవరం డేగపెట్ట
మంగళవారం, రాత్రి 9:15

పొద్దున ఇంజెక్షన్ మాట వెనక్కి తీసుకుంటున్నానండీ డాక్టర్ గారూ. తిట్టినా బాగానే తిట్టారు.

నాకు జరిగింది చెప్తాను. పందెం జాతి పుంజులు చూసేవాళ్లు పుంజు గురించే మాట్లాడతారు గానీ అసలు విలువ తల్లిది. రెండేళ్ల కిందట ఒక డేగ పెట్టని మంచి రేటు పెట్టి తెచ్చాను. మూడు నెలలు గుడ్లు పెట్టి ఆపేసింది. పొట్ట మాత్రం పెరుగుతూ వచ్చింది. బాగా మేస్తోంది, కొవ్వు పట్టిందనుకున్నా. నడక బాతులా అయ్యింది. తర్వాత చూపిస్తే డాక్టరు సూదితో పొట్టలోంచి పసుపు నీళ్లు తీశారు, గ్లాసుడు పైనే. ఆ పూట లేచి తిరిగింది, మేసింది. వారానికి మళ్లీ నిండింది. మూడు వారాలకి పోయింది. కోసి చూస్తే లోపల ఉడకబెట్టిన పచ్చసొన ముద్దలు ముద్దలుగా పేగులకి అంటుకుని ఉన్నాయి, వాసన చెప్పలేను. చెరువుగట్టు వదిన పెట్టకి పొట్ట గట్టిగా తగలడం అదృష్టం.

హైదరాబాద్ మేడమీద
మంగళవారం, రాత్రి 9:40

నాది ఇంకో రకం. మా కోడి ఒకసారి గుడ్డుకి బదులు రబ్బరు ముక్కలాంటిది పెట్టింది. కోస్తే ఉల్లిపాయలా పొరలు పొరలు, మధ్యలో పసుపు. పాము గుడ్డేమో అని మా ఆవిడ గోల.

పశువుల డాక్టరు (రిటైర్డు)
బుధవారం, ఉదయం 6:15

ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివి. కోడికి ఎడమ పక్క అండాశయం, ఎడమ గుడ్డు గొట్టమే (గుడ్డుసంచి అన్నది దాన్నే) పనిచేస్తాయి. సొన జారినప్పుడు గొట్టం మొదట్లో ఉండే గరాటు దాన్ని అందుకోవాలి. అందుకోలేక సొన పొట్టలో పడితే, దానికి ఈ.కోలై లాంటి సూక్ష్మజీవి తోడైతే, భీమవరం వారి పెట్టకి జరిగిందే జరుగుతుంది. నీళ్లు తీస్తే ఆయాసం తగ్గుతుంది గానీ జబ్బు పోదు, ఎందుకంటే మళ్లీ సొన జారుతూనే ఉంటుంది. హైదరాబాద్ వారిది గొట్టంలోనే చీము పట్టి పొరలుగా గట్టిపడటం. కొన్ని కోళ్లు దాన్ని బయటికి తోసేసి కొన్నాళ్లు బాగానే తిరుగుతాయి. యాంటీబయాటిక్ పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. నేనైతే ఆశ పెట్టి డబ్బు ఖర్చు పెట్టించను. మందు వాడినన్నాళ్లూ, ఆపాక కూడా డాక్టరు చెప్పిన గడువు దాకా గుడ్లుగానీ మాంసంగానీ తినకూడదు. పులుసుగిన్నె గారూ, వింటున్నారా?

పులుసుగిన్నె
బుధవారం, ఉదయం 6:40

వింటున్నానండి. గిన్నె బోర్లించేశాను.

చెరువుగట్టు
గురువారం, ఉదయం 7:20

డాక్టర్ గారూ, తప్పు నాదే. నిన్న సాయంత్రం బాగా తిరుగుతోందని మిగతా వాటితో వదిలేశాను. పొద్దున చూస్తే వెనక ఎర్రగా నిమ్మకాయంత కండ బయటికి వచ్చింది. మిగతావి దాన్ని పొడుస్తున్నాయి. రక్తం చూసి నా చేతులు వణికాయి. గంప కింద పెట్టాను. ఏం చేయను?

పశువుల డాక్టరు (రిటైర్డు)
గురువారం, ఉదయం 7:28

టెన్షన్ పడకండి. అది గుడ్డుసంచి చివరి భాగం. ఎర్రరంగు కనబడితే కోళ్లు వదలవు, పేగులదాకా పొడిచేస్తాయి. అందుకే విడిగా ఉంచమన్నది.

గోరువెచ్చని నీళ్లతో మట్టీ రెట్టా పోయేలా కడగండి. తర్వాత ఇంట్లో పంచదార ఉంటుంది కదా, దాన్ని ఆ కండ మీద దట్టంగా అద్ది పది నిమిషాలు ఉంచండి. పంచదార వాపులో నీరు లాగేస్తుంది, కండ కుదించుకుంటుంది. మళ్లీ కడిగి, నూనె రాసిన వేలితో మధ్య నుంచి మెల్లగా లోపలికి నెట్టి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మళ్లీ జారితే మళ్లీ నెట్టండి. నల్లబడినా, చిరిగి ఉన్నా నెట్టొద్దు, డాక్టరుకి చూపించండి, కుట్టు వేయాల్సి రావచ్చు.

చెరువుగట్టు
గురువారం, ఉదయం 9:45

పంచదార వేశాక నా కళ్ల ముందే నీరు కారి, కండ ఉసిరికాయంత అయ్యింది. రెండోసారికి లోపల నిలిచింది. ఒక పక్క పొడిచిన గాటు ఉంది, చిన్నదే. 1962కి ఫోన్ చేశాను, మధ్యాహ్నం బండి వస్తామన్నారు.

పశువుల డాక్టరు (రిటైర్డు)
గురువారం, ఉదయం 10:30

గాటు ఉందంటే వాళ్లు చూడటమే మంచిది. ఇప్పుడు నన్ను రెండు రోజులుగా తొలుస్తున్న ప్రశ్న. నెలగంట పెట్టేశారు, పొద్దు పదకొండు గంటలే. ఈ రోజుల్లో పెట్టలు గుడ్లు తగ్గిస్తాయి. మీ నాటు పెట్టలు పెడుతున్నాయా?

చెరువుగట్టు
గురువారం, ఉదయం 10:50

అవి కూడా పెడుతున్నాయండి. మా అత్తగారు ఈ ఏడు విచిత్రంగా ఉందే అంటూనే ఉన్నారు.

పశువుల డాక్టరు (రిటైర్డు)
గురువారం, ఉదయం 11:00

గూడు ఏ వైపు తిరిగి ఉంది?

చెరువుగట్టు
గురువారం, ఉదయం 11:20

చెరువు వైపు... అయ్యో. గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర పెద్ద ఫ్లడ్‌లైట్ తెల్లవార్లూ వెలుగుతుంది. దొంగల భయానికి ఆగస్టులో పెట్టారు. రాత్రి గూట్లో కోడి ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు.

భీమవరం డేగపెట్ట
గురువారం, ఉదయం 11:25

అదండీ సంగతి!

పశువుల డాక్టరు (రిటైర్డు)
గురువారం, మధ్యాహ్నం 12:10

కోడికి గుడ్డు పెట్టమని చెప్పేది వెలుగే. పెద్ద ఫారాల్లో కావాలనే బల్బులు వేసి 16 గంటల వెలుగు ఇస్తారు. కానీ పిల్ల ఒళ్లు ఎదిగాకే ఇస్తారు, మేతలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉండేలా చూస్తారు. మీ పిల్ల ఎదిగే వయసంతా రాత్రింబవళ్లు వెలుగులోనే గడిపింది. పైగా రొయ్యల మేతలో మాంసకృత్తులు దండిగా. ఒళ్లు ఎదగకముందే గుడ్లకి వచ్చింది, రెండు సొనల గుడ్డు పెట్టింది, పెంకుకి సరిపడా కాల్షియం నూకల్లోనూ తవుడులోనూ లేదు. గుడ్డు ఇరుక్కోవడం, కండ జారడం రెండూ దీనికే. పదిహేను రోజులు ఆ పెట్టకి రోజుకి ఎనిమిది గంటలకి మించి వెలుగు తగలనీయకండి. గుడ్లు ఆగిపోతాయి, లోపల కండ బిగుసుకుంటుంది. మిగతా వాటికి చెరువు వైపు గోనెపట్టా కట్టండి.

ముమ్మిడివరం బాతులు
గురువారం, మధ్యాహ్నం 1:30

డాక్టర్ గారూ, మధ్యలో నా సందేహం. మా దగ్గర పెట్టలన్నీ ఒకేసారి తోలుగుడ్లు పెట్టడం మొదలెట్టాయి. రంగు కూడా పోయి తెల్లగా వస్తున్నాయి. గుల్ల పొడి ఉన్నా అంతే. బాతులూ కోళ్లూ ఒకే గుంట నీళ్లు తాగుతాయి. బాతులు శుభ్రంగా ఉన్నాయి.

పశువుల డాక్టరు (రిటైర్డు)
గురువారం, మధ్యాహ్నం 2:20

ఒక పెట్టకి వస్తే ఆ పెట్ట ఒంట్లో వెతకాలి. అన్నిటికీ ఒకేసారి వస్తే అంటురోగం వెతకాలి. గుడ్లు తగ్గే ఒక వైరస్ జబ్బు ఉంది, ఈడీఎస్-76 అంటారు, 1976లో గుర్తించారు, అందుకే పేరులోనే 76 ఉంటుంది. బాతులకి ఏమీ కాదు, కోళ్లకి పెంకు పోతుంది. కొక్కెర తెగులు, శ్వాసకోశ జబ్బులు కూడా ఇలా చేస్తాయి. గుంట వేరు చేసి, గుడ్లు, రెట్ట పట్టుకుని జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబుకి వెళ్లండి. ఇక్కడ రాసినంత మాత్రాన తేలదు.

చెరువుగట్టు
గురువారం, సాయంత్రం 5:40

బండి వచ్చింది. చిన్న డాక్టరమ్మ, ఓపిగ్గా చూశారు. గాటు శుభ్రం చేసి మందు రాశారు, ఇంజెక్షన్ ఇచ్చారు, ఐదు రోజులు మందు రాసిచ్చారు. కుట్టు అక్కర్లేదన్నారు. వెళ్తూ వెళ్తూ గూడు చూసి "ఆ లైటేంటండీ" అన్నారు. నేను నవ్వాను.

చెరువుగట్టు
ఫిబ్రవరి రెండో వారం

మర్చిపోయారేమో అని రాస్తున్నాను. గోనెపట్టా కట్టాక వారం తిరిగేసరికి నాటువి కూడా గుడ్లు ఆపేశాయి. పండక్కి గుడ్లు కొనుక్కున్నాం, మా ఆయన ఎటకారం ఆడారు. చెరువు వాళ్లు లైటు తిప్పమంటే తిప్పారు, పాపం.

ఆ పెట్ట నిన్న మళ్లీ గుడ్డు పెట్టింది. చిన్నది, నున్నటిది, ఒక్క సొన. మా అత్తగారు ఒక మాటన్నారు. నాటు పెట్ట పన్నెండో పదిహేనో పెట్టి పొదగడానికి కూర్చుంటుంది, ఆ ఇరవయ్యొక్క రోజులూ దాని ఒంటికి సెలవు, ఈ గ్రామప్రియకి ఆ సెలవు లేదు అని. నిజమేనా డాక్టర్ గారూ? దీని గుడ్లు మా నాటు పెట్ట కింద పొదగేద్దామా అని కూడా అడుగుతున్నారు.

పశువుల డాక్టరు (రిటైర్డు)
మరుసటి రోజు

మీ అత్తగారు నా కంటే బాగా చెప్పారు. ఎక్కువ గుడ్ల కోసం పొదుగు గుణాన్ని తగ్గించిన జాతులవి. గుడ్లు మాత్రం పొదగేయకండి. ఒకసారి జారింది మళ్లీ జారొచ్చు, ఆ గుణం పిల్లలకి ఎందుకు? ఎండలు ముదిరాక ఇంకోసారి గమనించండి. రోహిణిలో కోడి రొప్పుతుంటే పెంకు పల్చబడుతుంది. గుల్లల చిప్ప ఖాళీ అవనీయకండి.

చెరువుగట్టు
అదే రోజు

ఆయ్, అలాగేనండి. దీని గుడ్లు అట్టులోకే.